ఎడమకు ఒరిగిన నాలుగు

12 నవంబర్ 1998, గురువారం

ఈ రిజిస్టరు ఇక ఫ్యాక్టరీకి అక్కర్లేదట. మా షెడ్డు యజమాని సురేంద్ర సారు కంప్యూటర్ కొన్నాడు. ఇవాళ్టి నుంచి పరీక్ష వివరాలన్నీ అందులోనే కొడతారట. "ఖాళీదే గదా పెద్దాయనా, తీసకపో, ఇంట్లో ఏమన్నా రాసుకో" అని ఇచ్చాడు.

కొత్త పుస్తకం మొదటి పేజీలో ఎవరిదో ఏమిటో రాయాలని బడిలో నేర్పారు. రాస్తాను. పేరు వీరేశం. ఉండేది మణికొండ. చదివింది ఏడో తరగతి. పని, ఖాజాగూడ గుట్టల వెనక నీళ్ళు కాచే కరెంటు రాడ్లు చేసే షెడ్డులో. అందరి పనీ అయ్యాక నా పని. రాడ్డును నీళ్ళ తొట్టిలో ఒక పూట నానబెట్టి, కరెంటు కారేదీ లేనిదీ చూపే మెగ్గర్ పిడి తిప్పుతాను. ముల్లు పైకి పోయి నిలబడితే మంచిది. కింద పడితే కరెంటు నీళ్ళలోకి కారుతున్నట్టు. నిలబడినదాని ఇత్తడి బిళ్ళ మీద నా పంచ్ పెట్టి సుత్తితో ఒకటే దెబ్బ. 4 పడుతుంది. అది పడని రాడ్డు గేటు దాటదు. నంబర్లు ఇచ్చే సర్కారు ముద్ర ఆఫీసు కాగితాల్లో నాలుగంటే వీరేశం. నాది ఎడమ చేతి వాటం. అందుకే నా నాలుగు కొంచెం ఎడమకు ఒరిగి ఉంటుంది.

ఈ పేజీలకు గీతలు గీసి ఉన్నాయి. నంబరు, తేదీ, ముల్లు, సంతకం, రిమార్కులు. పంతొమ్మిదేళ్ళలో రిమార్కుల గడిలో నేను ఒక్క ముక్క రాయలేదు. రాసేంత మాటలు నా దగ్గర లేవు.

16 నవంబర్

షెడ్డుకు మంజీర నది నీళ్ళ పైపు వచ్చింది. మాదాపూర్‌లో కంప్యూటర్లవాళ్ళ గుండ్రటి బిల్డింగు లేచింది కదా, దాని పుణ్యమట. పంతొమ్మిదేళ్ళు బోరు నీళ్ళతో నింపాను ఆ తొట్టిని. అంచంతా తెల్లటి ఉప్పు పెచ్చు. ఇవాళ పెచ్చంతా గీకి, కడిగి, మంజీర నీళ్ళు పట్టాను. అడుగున రూపాయి బిళ్ళ పడినా కనపడేంత తేటగా ఉన్నాయి. దోసిట్లో తీసుకుని తాగాను. తియ్యగా ఉన్నాయి.

"పరీక్ష నీళ్ళు తాగుతున్నవా వీరేశన్నా! నీకు గూడ పంచ్ కొట్టాల్నా?" అని కిష్టమ్మ నవ్వింది. తీగ బిగించే పని ఆమెది. నేను నవ్వానేమో గుర్తు లేదు.

25 నవంబర్

బొంబాయి నుంచి కొత్త గొట్టాలు వచ్చాయి. ఇక తీగ చుట్టే పని ఇక్కడ లేదు. లోపల తీగ పెట్టి, మూసి, వంచి, తయారుగా వచ్చాయి. పిడి తగిలించి వైరు బిగించడమే. ఏ దేశం నుంచి దిగాయో పెట్టె మీద ఉంది, నాకు చదవరాలేదు. పరీక్ష చేసినట్టు కాగితం కూడా పెట్టారు. సారు దాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి గోడకు తగిలించాడు.

అద్దంలా మెరుస్తున్నాయి. తొట్టిలో నానబెట్టి చూశాను. ముల్లు పైకి పోయి నిలబడింది. అన్నీ నిలబడ్డాయి. ఒక్కటీ పడలేదు. పంతొమ్మిదేళ్ళలో ఒక పెట్టెడు రాడ్లలో ఒక్కటీ పడకపోవడం ఇదే మొదలు. అంత మంచి సరుకు.

3 డిసెంబర్

మాదాపూర్‌లో ఆడపిల్లల హాస్టల్ పెట్టినావిడ వచ్చింది. భ్రమరాంబ గారు. కంప్యూటర్లు నేర్చుకునే పిల్లలట, తలా ఒకటి చొప్పున నలభై రాడ్లు కావాలట. సారు నా దగ్గరికి తీసుకొచ్చాడు.

"బాబాయి గారూ, అందరూ నాకు అప్పజెప్పిన పిల్లలండీ. భయం లేకుండా వాడుకోవచ్చాండీ?"

కొత్త మనిషి. అందులో ఆడమనిషి. తల ఊపాను.

4 డిసెంబర్

నలభై కొట్టాను. అన్నీ చూసే కొట్టాను.

19 డిసెంబర్

కిష్టమ్మ మూడు రోజులుగా పనికి రాలేదు. సాయంత్రం వెళ్ళాను. మంచం మీద ఉంది. బకెట్లో రాడ్డు పెట్టి, నీళ్ళు కాగినయో లేదో అని వేలు ముంచిందట. అందరం ముంచుతాం. చేయి అక్కడే పట్టేసుకుంది. కోడలు కట్టె పీటతో వైరును కొట్టి ప్లగ్గు ఊడదీసింది. దవాఖానలో ఒక రోజు ఉంచారు. కుడి చేయి మూడు వేళ్ళు ముడుచుకోవడం లేదు.

రాడ్డు చూపించింది. పోయిన నెల కొత్త సరుకులో ఒకటి షెడ్డులో ఆమెకు ఇచ్చారు, అది. బిళ్ళ మీద నాలుగు. ఎడమకు ఒరిగి ఉంది.

"నీ ఇంట్ల ఎర్తు లేదు. కింద తడి ఉన్నట్టుంది" అన్నాను.

"అయితే నా తప్పేనంటవ్" అంది.

లేచి వచ్చాను.

20 డిసెంబర్

తప్పు రాడ్డుది కాదు. ఆ ఇంట్లో ఎర్తు లేదు. ప్లాస్టిక్ చెప్పులు కూడా వేసుకోలేదు.

21 డిసెంబర్

తప్పు రాడ్డుది కాదు.

22 డిసెంబర్

అన్నం పెడుతూ నా భార్య కనకలక్ష్మి అడిగింది. "ఎర్తు ఎర్తు అని రెండు దినాలసంది గులుగుతున్నవ్. మనింట్ల ఉన్నదా ఎర్తు?"

వెళ్ళి చూశాను. బోర్డుకు రెండే రంధ్రాలు. మా అన్న ఇంట్లోనూ రెండే. మణికొండలో ఎవరింట్లో ఉంది? మరి పంతొమ్మిదేళ్ళు నేను రాడ్లు పంపింది ఎర్తు ఉన్న ఇళ్ళకా? లేని ఇళ్ళకే. ఆ ఇళ్ళలో ఎవరికీ ఏమీ కాలేదు.

"బయటి నల్లా నీళ్ళు తియ్యగ ఉన్నయట గద మీ దగ్గర. మాకేమో ఇంకా ఈ ఉప్పు నీళ్ళే రాత" అంది కనకలక్ష్మి, చెంబు పెడుతూ.

అన్నం సగంలో లేచాను. "ఏందయ్యా, ఎటు వోతున్నవ్!" అని కేకేసింది. సైకిలెక్కి షెడ్డుకు వెళ్ళాను. అందరూ భోజనాల దగ్గర ఉన్నారు. తొట్టిలోని మంజీర నీళ్ళన్నీ పారబోశాను. వెనక బోరు నుంచి మోసుకొచ్చి నింపాను. పద్దెనిమిది బకెట్లు. కొత్త రాడ్లు యాభై తీసి పెట్టాను. పూటంతా నానక్కర్లేదు, రెండు గంటలకే తిప్పాను.

ముల్లు పడింది. ఇంకోటి పెట్టాను. పడింది.

యాభైలో ముప్పై ఒకటి పడ్డాయి. గొట్టం అతికిన చోట కంటికి కనపడని బెజ్జాలు ఉన్నట్టున్నాయి. తేట నీళ్ళు వాటిని దాచాయి, ఉప్పు నీళ్ళు చెప్పాయి. నీళ్ళు మారితే పరీక్ష మారుతుందని పంతొమ్మిదేళ్ళ పనివాడికి తట్టలేదు. తొట్టి తేటగా ఉందని మురిసిపోయాడు.

4 డిసెంబర్ నాడు అన్నీ చూసే కొట్టాను అని రాశాను. చూశాను. మంజీర నీళ్ళలో చూశాను.

23 డిసెంబర్

సారుకు చెప్పాను. ఆయన మనిషి చెడ్డవాడు కాదు. అనంతపురం నుంచి వచ్చి ఈ గుట్టల్లో షెడ్డు వేసి పదకొండు ఇళ్ళను నిలబెట్టాడు. అది కూడా రాయాలి.

"సార్, కొత్త రాడ్లు కారుతున్నయ్."

"యా నీళ్ళలో?"

"బోరు నీళ్ళల్ల."

"బోరు నీళ్ళలో పెట్టమని యాడ రాసుండాది? చూపీ."

ఎక్కడా రాసి లేదు. మంజీరలో పెట్టమని కూడా రాసి లేదు. అది నాకు ఇంటికి వచ్చాక తోచింది.

"కాగితముండాది గోడ మీద. అంత పెద్ద కంపెనీవాళ్ళు పరీక్ష చేసి పంపినారు. నువ్వు బకెట్లో ఉప్పు నీళ్ళు తెచ్చి కాదంటావా? ఆరు నూర్ల రాడ్లప్పా! చలి ఉండేది ఇంక నెలన్నర. ఆ తర్వాత వీటిని ఎవురు కొంటారు?"

"కొట్ట."

"ఏందీ?"

"పంచ్ కొట్టను సార్."

ఆయన కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చున్నాడు. గొంతు తగ్గించాడు. "చూడు పెద్దాయనా. హాస్టల్‌కు నలభై పోయినాయి. వాటి మీద ఉండేది ఎవురి నంబరు? నాది గాదు. రేపు ఏమన్నా అయితే, మా పెద్దాయనకు కళ్ళు మసకలు, సరిగా చూడకుండా కొట్టేసినాడు అని చెప్తా. నువ్వు ఈ ఆరు నూర్లకూ కొట్టు, నేను ఆ నలభై మాట ఎత్తను. నీ నోరు నువ్వు మూసుకో, నా నోరు నేను మూసుకుంటా. ఎట్లాగూ నువ్వు మాట్లాడేవాడివి గాదు."

పంచ్ జేబులో వేసుకుని ఇంటికి వచ్చాను.

24 డిసెంబర్

వెళ్ళాను. నా బల్ల దగ్గర కూర్చున్నాను. కొట్టలేదు.

25 డిసెంబర్

సెలవు. హాస్టల్ కొత్త బిల్డింగు. ఎర్తు ఉండే ఉంటుంది.

26 డిసెంబర్

కూర్చున్నాను. కొట్టలేదు. సారు మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. మాట్లాడకుండా ఉండే పోటీలో నన్ను ఆయన గెలవలేడు.

హాస్టల్‌లో ఎర్తు ఉండే ఉంటుంది. కొత్త బిల్డింగు.

27 డిసెంబర్, ఆదివారం

ఆరు నూర్లకు కొట్టనందుకు నేను గొప్పవాణ్ణని నాలుగు రోజులుగా అనుకుంటున్నాను. కొట్టేసిన నలభై గురించి మాత్రం ఎర్తు ఉండే ఉంటుంది అనుకుంటున్నాను. ఇవాళ తెల్లారకముందే ఇది రాసి మళ్ళీ చదువుకున్నాను.

పొద్దునే మాదాపూర్ వెళ్ళాను. వాచ్‌మన్ కర్ర అడ్డం పెట్టాడు.

"ఎవరు గావాలె?"

"రాడ్లు."

"ఏం రాడ్లు? ఆడివిల్లల హాస్టల్ ఇది. ఈ వయసుల సిగ్గు లేదా? నడువ్!"

వచ్చేశాను. చెప్పాల్సిందంతా దారిలో గుట్టలకు చెప్పుకున్నాను. వాటికి బాగానే చెప్పాను.

అక్కడి నుంచి నేరుగా కిష్టమ్మ ఇంటికి వెళ్ళాను. ఎడమ చేత్తో కూర తరుగుతోంది.

"తప్పు నాది. నీళ్ళు మార్చి చూసిన" అన్నాను.

"మొన్న నా తప్పన్నవ్. ఇయ్యాల నీ తప్పంటున్నవ్. రేపొచ్చి నీళ్ళ తప్పంటవా?"

"అనను."

చాలాసేపు తరిగింది. "ఇంకెన్ని వోయినయ్?" అంది.

"నలభై."

కత్తిపీట పక్కన పెట్టి కొంగు దోపుకుంది. "రేపు నేనొస్త. నువ్వు మాట్లాడనింకె పొద్దు గూకుతది."

28 డిసెంబర్, సోమవారం

పనికి పోలేదు. పంతొమ్మిదేళ్ళలో చెప్పకుండా మానడం ఇదే.

నాతో ఆడమనిషి ఉండేసరికి వాచ్‌మన్ కర్ర తీశాడు. భ్రమరాంబ గారు వరండాలో కూర్చుని పేపరు చదువుతోంది. పిల్లలు ఇరవై మంది దాకా టిఫిన్లు తింటున్నారు. కిష్టమ్మ నోరు తెరవబోయింది. నేను చేయి అడ్డం పెట్టాను. ఎందుకు పెట్టానో తెలియదు. ఇది ఆమె చెప్పాల్సింది కాదు అనిపించింది.

"అమ్మా, రాడ్లు వాపసు ఇయ్యండి. కరెంటు కారుతున్నయ్."

"అదేవిటండీ, బాగానే పనిచేస్తున్నాయి కదా! ఆ రోజు మీరేగా తలూపారు?"

"ఊపిన. తప్పు ఊపిన. మంచినీళ్ళల్ల పెట్టి చూసిన. మీకొచ్చేది బోరు నీళ్ళు. ముద్ర కొట్టింది నేనే. సారు కాదు, ఇంకెవరు కాదు. నేనే."

ఇంత పొడుగు మాట నా పెళ్ళిచూపుల్లో కూడా మాట్లాడలేదు.

"మీ దగ్గర ఎర్తు ఉన్నదామ్మా?" అని అడిగాను. ఉందని అంటుందేమో అని ఇంకా ఎక్కడో ఆశ.

"ఉందండీ, బ్రహ్మాండంగా ఉంది. కాకపోతే ఆ మూడో పుల్ల మా బోర్డుల్లో పట్టట్లేదని ఎలక్ట్రీషియను కోసేశాడండీ."

"ఎన్నిటికి?"

"అన్నిటికీనండీ."

వరండా మెట్టు మీద కూర్చున్నాను. ఒక పిల్ల ఇడ్లీ ప్లేటుతోనే వచ్చింది. "తాతగారూ, నేను రోజూ వాడుతున్నా, నాకేం కాలేదే! మరీ భయపెట్టేస్తున్నారు" అంది. అప్పుడు కిష్టమ్మ ముందుకు వచ్చి కుడి చేయి చాపింది.

"ముయ్యి బిడ్డా, ఈ వేళ్ళు ముయ్యి. నాకు మూస్తలేవు. నువ్వు ముయ్యి చూద్దాం."

ఆ పిల్ల కిష్టమ్మ వేళ్ళు పట్టుకుని మెల్లగా ముయ్యబోయింది. వదిలేసింది. ప్లేటు అక్కడే పెట్టి మెట్లెక్కి పైకి పరుగెత్తింది. ముందు తన రాడ్డే తెచ్చింది. తర్వాత అందరూ తెచ్చారు.

ముప్పై తొమ్మిది. ఒక్కోదాని వైరు మొదట్లో కటింగ్ ప్లేయర్‌తో కోశాను. కోసి, బిళ్ళ మీద నా నాలుగుకు అడ్డంగా ఉలితో గీత కొట్టాను. వరండాలో రాడ్ల కుప్ప పడింది. పిల్లలు ఒకటి, రెండు అని ఎంచుతూ నిలబడ్డారు.

"ఇదిగోనండీ, రేపు పొద్దున వీళ్ళ స్నానాల మాటేవిటి? నలభై మంది చన్నీళ్ళు పోసుకోవాలా?" అంది భ్రమరాంబ గారు. ఆవిడ కోపం న్యాయమే.

"మా ఇంటి రాగి కాగు తెస్త" అన్నాను.

నలభయ్యోది ప్రియదర్శిని అనే అమ్మాయిది. పెట్టెలో పెట్టుకుని ఊరికి పోయింది. వచ్చే సోమవారం వస్తుందట.

28, మళ్ళీ

కాగు దింపుతుంటే కనకలక్ష్మి రుసరుసలాడింది. "మా అవ్వ ఇచ్చిన కాగు. ఊళ్ళె వాళ్ళకు అడిగితే ఇయ్యలే ఏనాడు. ఎవరో ఆడివిల్లలకు మోస్తున్నడు!" అంటూనే చింతపండుతో తోమి ఇచ్చింది. రిక్షాలో పెట్టించి నేనే తీసుకెళ్ళాను. పెరట్లో మూడు రాళ్ళు పెట్టి మంట వేసి చూపించాను.

29 డిసెంబర్

సారుకు తెలిసింది. అందరి ముందూ అరిచాడు.

"పరువు తీసినావు గదయ్యా! హాస్టలామె మన సరుకు అమ్మే కూకట్‌పల్లి షాపుకు గూడ ఫోన్ జేసి చెప్పింది! ఎవురడిగినారు నిన్ను పోయి చెప్పమని?"

"ఎవరు అడగలే సార్."

"మరి?"

"మీరు నా కళ్ళు మసకలని చెప్తనన్నరు. కళ్ళు మంచిగనే ఉన్నయ్. నీళ్ళు తప్పు వెట్టిన. అదే చెప్పిన. ఇగ మీరు దాచేది ఏం లేదు, నేను దాచేది ఏం లేదు. ఆరు నూర్లకు కొట్ట."

పని లేదు పొమ్మన్నాడు. పంచ్ ఇచ్చి పొమ్మన్నాడు. ఇంట్లో ఉందన్నాను. నిజంగానే ఇంట్లో ఉంది.

గేటు దాకా నడిచాను. వెనక్కి చూస్తే తొట్టి దగ్గర ఇద్దరు ఆడవాళ్ళు బోరు నీళ్ళ బకెట్లు దించి నిలబడ్డారు.

4 జనవరి 1999, సోమవారం

పొద్దున ఆరు నుంచి హాస్టల్ గేటు దగ్గర ఉన్నాను. వాచ్‌మన్ స్టూలు ఇచ్చాడు, చాయ్ కూడా ఇచ్చాడు. పదింటికి ప్రియదర్శిని ఆటో దిగింది. ఇంకా లోపలికి పోకముందే అడిగాను. రోడ్డు మీదే పెట్టె విప్పింది. చీరల మధ్యలో ఉంది.

నలభై.

9 జనవరి

ఇంట్లో ఉన్నాను. కనకలక్ష్మి ఏమీ అనడం లేదు. అంటే బాగుండేది.

10 జనవరి

సారు నా బదులు కొత్త మనిషిని పెట్టుకోవచ్చు. నాలుగు పక్కన పేరు మార్పించడానికి ముద్ర ఆఫీసులో వారం చాలు, సారుకు తెలిసినవాళ్ళు ఉన్నారు. నంబరు మాత్రం అదే. కొత్త పంచ్ కావాలంటే నమూనా కొట్టి పంపాలి, కాగితం తిరిగి రావాలి. పోయినసారి వేరే షెడ్డువాళ్ళ మూడో నంబరు పంచ్ విరిగితే నలభై రోజులు పట్టింది. ఇప్పుడు పంపితే కాగితం శివరాత్రి దాటాకే. అప్పటికి చలి పోతుంది.

అంటే ఆ ఆరు నూర్లకూ ఈ చలికాలానికీ మధ్య ఉన్నది నా డబ్బాలోని ఈ ఇనుప ముక్క ఒక్కటే.

11 జనవరి

పంచ్ కంపెనీది. కంపెనీది కంపెనీకి ఇవ్వాలి. అది కూడా న్యాయమే.

ఆకురాయి తెచ్చుకున్నాను.

13 జనవరి

సారు తనే వచ్చాడు. స్కూటర్ బయట పెట్టి, చెప్పులు విడిచి, లోపలికి వచ్చి మంచం మీద కూర్చున్నాడు. కనకలక్ష్మి నీళ్ళిచ్చింది. ఒక గుక్క తాగి మొహం అదోలా పెట్టాడు.

"ఉప్పగా ఉండాయే."

"మీ షెడ్డు బోరు గూడ ఇంతే గద సారూ. మేం ఎప్పటిసంది ఇవే తాగుతున్నం, ఇవే పోసుకుంటున్నం" అంది కనకలక్ష్మి. ఆమె లోపలికి పోలేదు. గడప దగ్గరే నిలబడింది.

"నిన్ను పొమ్మన్నాక నాకు గూడ అన్నం సరిగా పోవడం లేదు పెద్దాయనా. కొత్తాయన దొరికినాడు. పేరు గూడ మార్పించినా. ఆ పంచ్ ఇచ్చేయ్. నువ్వు కొట్టద్దులే, ఆయన కొట్టుకుంటాడు. నీకేం సంబంధం లేదు."

లేచి డబ్బా తెచ్చాను. పంచ్ తీసి ఆయన చేతిలో పెట్టాను. బరువు చూసుకుని జేబులో వేసుకోబోయి, ఎందుకో మొన తిప్పి వెలుతురుకు పెట్టాడు.

మొన నున్నగా ఉంది. నాలుగు లేదు. రెండు పూటలు పట్టింది నాకు, ఉక్కు గట్టిది. పంతొమ్మిదేళ్ళ నాలుగు, అరుగు మీద చిటికెడు ఇనుప రజనుగా రాలింది. కనకలక్ష్మి దాన్ని ఊడ్చి చెట్టు మొదట్లో వేసింది.

బొటనవేలితో మొన తడిమాడు. మళ్ళీ తడిమాడు.

"ఇది ఇంక పనికి రాదు గదప్పా" అన్నాడు.

నన్నే చూస్తున్నాడు. తల ఊపుతానని ఆయనకు తెలుసు. ఎప్పుడూ ఊపేదే.

"రాదు" అన్నాను. నోటితో అన్నాను.